క్యాష్‌బ్యాక్ ఇస్తామని ఎగ్గొట్టిన షాపు మీద విశాఖలో కేసు వేయడం: తరచుగా అడిగే ప్రశ్నలు

దసరా, సంక్రాంతి సేల్స్ అయిపోయిన మూడు నాలుగు నెలలకు నాకు ఫోన్లు మొదలవుతాయి. "టీవీ కొన్నామండీ, ఐదు వేలు వెనక్కి వస్తుందన్నారు, రాలేదు. ఏం చేయాలి?" అని. ద్వారకానగర్‌లో కొన్న మా ఫ్రిజ్ మీద రావాల్సిన 4,000 రూపాయల కోసం నేనే స్వయంగా కేసు నడిపాను. ఆ సంగతి మొదట ఎంవీపీ కాలనీలో మా అపార్ట్‌మెంటు వాళ్ళకు తెలిసింది. తర్వాత గాజువాక, మధురవాడ వాళ్ళూ అడగడం మొదలుపెట్టారు. నేను లాయర్ని కాను. అందరూ అడిగేవి ఇవే ప్రశ్నలు కాబట్టి ఒకచోట రాసిపెడుతున్నాను. మీకు కావాల్సిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్ళి చదువుకోండి.

## కేసు దాకా వెళ్ళాలా వద్దా అనుకుంటున్నప్పుడు

నాలుగు వేల కోసం కోర్టుకెక్కితే నలుగురూ నవ్వరా?

నవ్వేవాళ్ళు నవ్వుతారు. నాతోనూ మా బంధువొకరు "ఆ డబ్బు ఆటో ఖర్చులకే పోతుందమ్మా" అన్నారు. కానీ ఆ నాలుగు వేలు మీ డబ్బు. 38,990 పెట్టి కొన్నప్పుడు "మీకు 34,990 కే పడుతుంది" అనే మాట నమ్మే కదా కార్డు తీశారు? ఆ మాట లేకపోతే పక్క షాపులో కొనేవారు. షాపువాళ్ళ ధీమా కూడా ఇదే: ఇంత చిన్న మొత్తం కోసం ఎవరూ రారని. పైగా ఐదు లక్షల లోపు వస్తువుకు కేసు ఫీజు లేదు, లాయర్ తప్పనిసరి కాదు. ఖర్చయ్యేది మీ ఓపిక, కొన్ని జిరాక్సులు, ఒక నోటరీ.

విశాఖలో స్మాల్ క్లెయిమ్స్ కోర్టు ఎక్కడ ఉంది?

ఆ పేరుతో మన దగ్గర కోర్టు లేదు. విదేశాల్లో ఉన్నవాళ్ళ మాటల్లో విని చాలామంది వెతుకుతుంటారు. ఇక్కడ ఆ పని చేసేది జిల్లా వినియోగదారుల వివాదాల పరిష్కార కమిషన్. జనం ఇప్పటికీ కన్జ్యూమర్ ఫోరం, కన్జ్యూమర్ కోర్టు అనే అంటారు. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం 2020 జులై 20న అమల్లోకి వచ్చాక ఫోరం కాస్తా కమిషన్ అయింది.

క్యాష్‌బ్యాక్ అంటే వాళ్ళు దయతలచి ఇచ్చేదే కదా? చట్టం దాకా వస్తుందా?

వస్తుంది. దయతో ఇస్తామని ఎవరూ పత్రికల్లో ఫుల్ పేజీ ప్రకటన వేయరు. 2019 చట్టం సెక్షన్ 2(47)లో అనుచిత వ్యాపార పద్ధతులు ఏవో చెప్పారు. బహుమతో మరొకటో ఇస్తామని చెప్పి, చెప్పినట్టు ఇచ్చే ఉద్దేశం లేకపోవడం అందులో ఒకటి. వస్తువు ధర విషయంలో జనాన్ని తప్పుదోవ పట్టించడం ఇంకొకటి. మీ ఫిర్యాదులో ఈ రెండూ రాయండి. "క్యాష్‌బ్యాక్ మా ఇష్టం" అని కస్టమర్ కేర్ వాళ్ళు ఫోన్లో చెప్పే మాటకు భయపడక్కర్లేదు.

కొని ఏడాదిన్నర అయింది. టైమ్ దాటిపోయిందా?

లేదు. కేసుకు కారణం పుట్టిన రోజు నుంచి రెండేళ్ళు గడువు ఉంటుంది. 90 రోజుల్లో ఇస్తామన్నారంటే, ఆ 90 రోజులు దాటి డబ్బు పడని రోజు నుంచి లెక్క. అయినా మీరు బిల్లు తేదీ నుంచే లెక్కపెట్టుకుని ఆ లోపు వేసేయండి, వాదనకు తావుండదు. రెండేళ్ళు దాటితే ఆలస్యానికి తగిన కారణం చూపిస్తూ వేరే దరఖాస్తు పెట్టాలి. మన్నించడం, మన్నించకపోవడం కమిషన్ చేతిలో ఉంటుంది. "ఈ వారం వేస్తాం సార్" అని కంపెనీ నెలనెలా మెయిల్ పెట్టినంత మాత్రాన గడువు ఆగదు.

మా దుకాణం కోసం కొన్న ఏసీ మీద రావాల్సిన క్యాష్‌బ్యాక్ ఇది. నేను వినియోగదారుణ్ణేనా?

తిరిగి అమ్మడానికో, పెద్ద వ్యాపారానికో కొంటే కారు. సొంతంగా బతుకుదెరువు కోసం నడుపుకునే చిన్న దుకాణం అయితే చట్టం మిమ్మల్ని వినియోగదారుగానే చూస్తుంది. ఆ సంగతి ఫిర్యాదు మొదటి పేరాలోనే రాయండి.

షాపు కాదు, బ్యాంకు కార్డు మీద రావాల్సిన క్యాష్‌బ్యాక్ ఆగిపోయింది. అప్పుడు?

మొదట బ్యాంకుకు రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు (బ్యాంకుల మీద ఫిర్యాదులు పరిష్కరించే అధికారికి) ఉచితంగా ఆన్‌లైన్లో ఫిర్యాదు పెట్టవచ్చు. సహాయానికి 14448 నంబరు ఉంది. బ్యాంకు ఆఫరే అయినా షాపులో బోర్డు పెట్టి అమ్మి ఉంటే షాపుకు కూడా బాధ్యత ఉందని వినియోగదారుల కమిషన్‌లో వాదించవచ్చు. ఒకే విషయం మీద రెండుచోట్లా ఒకేసారి నడపకండి. ఒకదారి ఎంచుకోండి.

## కాగితాలు పోగేసుకునేటప్పుడు

ఏమేం దాచుకోవాలి?

బిల్లు, డబ్బు కట్టిన రుజువు, ఆఫర్ కాగితం, వాళ్ళతో జరిగిన రాతకోతలు. అంతే. బిల్లు అంటే జీఎస్టీ నంబరు, వస్తువు సీరియల్ నంబరు ఉన్నది. డబ్బు కట్టిన రుజువుకు కార్డు స్టేట్‌మెంటు గానీ యూపీఐ రసీదు గానీ చాలు. క్యాష్‌బ్యాక్ పడాల్సిన ఖాతా లేదా వాలెట్ స్టేట్‌మెంటు కూడా తీసుకోండి. గడువు నుంచి ఈరోజు దాకా ఆ డబ్బు పడలేదని చూపించేది అదొక్కటే, చాలామంది దాన్నే మర్చిపోతారు.

బిల్లు మీద అక్షరాలు మాసిపోయాయి. ఇక అంతేనా?

కాదు. షాపుల్లో ఇచ్చే థర్మల్ పేపరు బిల్లు మన సముద్రం ఊరి ఉక్కకు ఆరు నెలల్లో తెల్లబడిపోతుంది. పర్సులో పెడితే ఇంకా ముందే. కొన్నరోజే ఫోటో తీసి పెట్టుకోవడం మంచి అలవాటు. ఇప్పటికే మాసిపోతే షాపుకు మెయిల్ పెట్టి డూప్లికేట్ బిల్లు అడగండి. మీ ఫోన్ నంబరు చెబితే వాళ్ళ కంప్యూటర్లో దొరుకుతుంది. వారంటీ రిజిస్ట్రేషన్, డెలివరీ చలానా, ఇన్‌స్టలేషన్‌కు వచ్చిన మెకానిక్ ఇచ్చిన స్లిప్పు కూడా కొన్నట్టు రుజువులే.

సేల్స్‌మన్ నోటిమాటగా చెప్పాడు, కాగితం ఏమీ లేదు. ఎలా నిరూపించాలి?

మా కేసులో ఇదే జరిగింది. కౌంటర్ దగ్గర ఆ అబ్బాయి ఆఫర్ గురించి గడగడా చెప్పి బిల్లు చేతికిచ్చాడు. చూస్తే బిల్లు మీద క్యాష్‌బ్యాక్ మాటే లేదు. "బాబూ, కాస్త రాసివ్వు" అన్నాను. మొహమాటపడుతూ నీలం పెన్నుతో బిల్లు వెనక "4000 సీబీ, 90 డేస్" అని రాసి, కింద ఒక పొట్టి సంతకం గీశాడు. తర్వాత ఆ పొట్టి సంతకమే కేసును నిలబెట్టింది. షాపు లాయరు దాన్ని తిప్పి తిప్పి చూసి, అది తమ ఉద్యోగిది కాదని మాత్రం అనలేకపోయాడు.

మీ దగ్గర అలాంటిది లేకపోతే ఇప్పుడైనా పుట్టించుకోవచ్చు. షాపు వాట్సాప్ నంబరుకు "ఫలానా తేదీన కొన్న టీవీ మీద మీరు చెప్పిన 5,000 క్యాష్‌బ్యాక్ ఎప్పుడు వస్తుంది?" అని మామూలుగా అడగండి. "ప్రాసెస్‌లో ఉంది సార్" అని జవాబు వచ్చిందంటే ఆఫర్ ఉందని వాళ్ళే ఒప్పుకున్నట్టు. కోపంగా రాస్తే జవాబు రాదు.

ఆఫర్ పేజీ వెబ్‌సైట్లోంచి తీసేశారు. ఏం చేయను?

ఆ రోజుల నాటి దినపత్రిక ప్రకటన గ్రంథాలయంలో పాత సంచికల్లో దొరకవచ్చు. అదే షాపులో అదే వారం కొన్న మీ స్నేహితుల ఫోన్లలో ప్రచారపు మెసేజ్ ఉండొచ్చు. మీ ఎస్సెమ్మెస్ ఇన్‌బాక్స్‌లో షాపు పేరు కొట్టి వెతకండి, పండగ ముందు పంపిన మెసేజులు చాలాసార్లు అక్కడే పడి ఉంటాయి. అసలు షరతుల కాగితం షాపు దగ్గరే ఉంటుంది కాబట్టి, దాన్ని దాఖలు చేయమని వాళ్ళను ఆదేశించాలని కమిషన్‌ను కోరవచ్చు.

స్క్రీన్‌షాట్లు చెల్లుతాయా?

చెల్లుతాయి. తేదీ, నంబరు, పూర్తి సంభాషణ కనిపించేలా తీయండి, ముక్కలుగా కత్తిరించకండి. ఎలక్ట్రానిక్ రుజువులకు భారతీయ సాక్ష్య అధినియమ్ 2023 సెక్షన్ 63 కింద ఒక సర్టిఫికెట్ జతచేయాలి. ఏ ఫోన్లోంచి తీశారో, మార్చలేదని చెప్పే కాగితం అది. వినియోగదారుల కమిషన్లు సాక్ష్యపు నిబంధనలను సివిల్ కోర్టంత బిగించి పట్టుకోవు, అయినా పెడితే అవతలివాళ్ళకు అభ్యంతరం చెప్పే దారి మూసుకుపోతుంది. ఫోన్ మార్చినా పాతదాన్ని కేసు అయ్యేదాకా అమ్మకండి.

బిల్లు నాన్నగారి పేరు మీద ఉంది, ఆఫర్ నా నంబరుతో రిజిస్టర్ చేశాం. కేసు ఎవరు వేయాలి?

ఇద్దరూ కలిసి ఫిర్యాదుదారులుగా వేయండి. డబ్బిచ్చినవారి అనుమతితో వస్తువు వాడుకునేవారు కూడా చట్టం దృష్టిలో వినియోగదారులే.

## కేసుకు ముందు చేయాల్సినవి

షాపువాడు కంపెనీని అడగమంటాడు, కంపెనీ షాపును అడగమంటుంది. ఎవరి మీద వేయాలి?

ఇద్దరి మీదా. ఈ బంతాటలో మనం అలిసిపోతామనే వాళ్ళు ఆడేది. ఆఫర్ ఎవరి పేరుతో వచ్చిందో కరపత్రంలో చూడండి. తయారీ కంపెనీ ఆఫర్ అయితే కంపెనీ, దాన్ని చూపించి అమ్మిన షాపు, మధ్యలో ఫైనాన్స్ సంస్థ గానీ వాలెట్ గానీ ఉంటే అది, అందర్నీ ప్రతివాదులుగా చేర్చండి. ఎవరు ఎంత కట్టాలో కమిషన్ తేలుస్తుంది. ఒకరిని వదిలేస్తే మిగిలినవాళ్ళు తప్పంతా ఆ లేనివాళ్ళ మీదకు తోసేస్తారు. బిల్లు కొట్టిన సేల్స్‌మన్ కుర్రాణ్ణి మాత్రం చేర్చకండి. పది పన్నెండు వేల జీతానికి నిలబడి పనిచేసేవాడు, వాడి చేతిలో ఏమీ ఉండదు.

1915కు ఫోన్ చేస్తే పనవుతుందా?

చాలాసార్లు అవుతుంది. అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్, తెలుగులో మాట్లాడొచ్చు. వాళ్ళు ఫిర్యాదును కంపెనీకి పంపి జవాబు అడుగుతారు. పెద్ద కంపెనీలు చాలామటుకు వాళ్ళతో అనుసంధానమై ఉంటాయి కాబట్టి కేసు లేకుండానే తేలిన సందర్భాలు ఉన్నాయి. కానీ ఆదేశించే అధికారం వాళ్ళకు లేదు. కంపెనీ "షరతులు నెరవేరలేదు" అని జవాబిస్తే ఫిర్యాదు మూసేస్తారు. దాంతో దిగులుపడకండి. ఆ డాకెట్ నంబరు (మీ ఫిర్యాదుకు వాళ్ళిచ్చే నంబరు), కంపెనీ ఇచ్చిన జవాబు ప్రింటు తీసి ఫైల్లో పెట్టుకోండి. కోర్టులో చెప్పబోయే సాకు వాళ్ళు ముందుగానే మీకు రాసిచ్చినట్టే.

ఆన్‌లైన్లో కొన్నాను. అక్కడ ఎవర్ని పట్టుకోవాలి?

ఆన్‌లైన్ అమ్మకాల సంస్థ ప్రతి ఒక్కటీ గ్రీవెన్స్ ఆఫీసర్ (ఫిర్యాదులు చూసే అధికారి) పేరు, వివరాలు సైట్లో పెట్టాలి. 2020 ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం మీ ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పాలి, నెలలోపు పరిష్కరించాలి. చాట్‌లో వచ్చే ఆటోమేటిక్ జవాబులతో రోజులు పోగొట్టుకోకుండా నేరుగా ఆ ఆఫీసర్‌కు మెయిల్ పెట్టండి.

సోషల్ మీడియాలో ఫిర్యాదు పెట్టగానే ఎవరో ఫోన్ చేసి లింక్ పంపారు. నొక్కొచ్చా?

నొక్కొద్దు. క్యాష్‌బ్యాక్ రాలేదని ఫోన్ నంబరుతో సహా పోస్టు పెట్టేవాళ్ళ కోసం మోసగాళ్ళు కాచుకుని ఉంటారు. డబ్బు రావడానికి యూపీఐ పిన్ ఎప్పుడూ కొట్టక్కర్లేదు, ఓటీపీ చెప్పక్కర్లేదు. పొరపాటున డబ్బు పోతే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. నాలుగు వేల కోసం తిరుగుతూ నలభై వేలు పోగొట్టుకున్న ఒక పెద్దాయన మా వీధిలోనే ఉన్నారు. తలుచుకుంటే ఇప్పటికీ బాధేస్తుంది.

నోటీసు ఎలా రాయాలి? లాయర్ చేతే పంపాలా?

మీరే పంపవచ్చు. ఒక పేజీ చాలు. మేం పంపింది దాదాపు ఇలా ఉంది:

"ఫలానా తేదీన మీ ద్వారకానగర్ షాపులో ఫలానా మోడల్ ఫ్రిజ్ 38,990 రూపాయలకు కొన్నాను. బిల్లు నంబరు ఇది. కొన్న 90 రోజుల్లో 4,000 రూపాయలు తిరిగి వస్తుందని మీ ఉద్యోగి చెప్పి, బిల్లు వెనక రాసి సంతకం చేశారు. గడువు ఫలానా తేదీన ముగిసింది. డబ్బు రాలేదు. నాలుగుసార్లు షాపుకు వచ్చాను, రెండు మెయిళ్ళు పెట్టాను. ఈ నోటీసు అందిన 15 రోజుల్లో 4,000 రూపాయలు నా ఖాతాలో వేయండి. లేకపోతే వినియోగదారుల కమిషన్‌లో కేసు వేసి వడ్డీ, నష్టపరిహారం, ఖర్చులు కూడా కోరతాను."

తిట్లు, బెదిరింపులు, "మీ షాపు మూయిస్తా" లాంటి మాటలు రాయకండి. రేపు ఆ కాగితం కమిషన్ ముందుకు వస్తుంది. షాపుకూ, కంపెనీ రిజిస్టర్డ్ ఆఫీసుకూ విడివిడిగా స్పీడ్ పోస్టులో పంపండి, అదే కాగితం మెయిల్ కూడా చేయండి. పోస్టాఫీసు రసీదు, ట్రాకింగ్‌లో అందినట్టు చూపించే పేజీ ప్రింటు రెండూ ఉండాలి. ట్రాకింగ్ వివరాలు కొంతకాలానికి కనబడకుండా పోతాయి, అందిన రోజే ప్రింటు తీయండి.

నోటీసు తీసుకోకుండా తిప్పి పంపారు. మళ్ళీ పంపాలా?

అక్కర్లేదు. "తీసుకోలేదు" అని పోస్ట్‌మన్ రాసిన ఆ కవరును విప్పకుండా అలాగే ఫైల్లో పెట్టండి.

డబ్బు బదులు షాపింగ్ కూపన్ ఇస్తామంటున్నారు. తీసుకోవాలా?

మీ ఇష్టం. నా సలహా అడిగితే వద్దు. ఆ కూపన్‌కు మళ్ళీ కనీస కొనుగోలు, గడువు, షరతులు ఉంటాయి. నాలుగు వేల కూపన్ వాడటానికి ఇరవై వేలు ఖర్చుపెట్టిన ఇళ్ళు నాకు తెలుసు.

## కేసు వేసేటప్పుడు

కంపెనీ హెడ్డాఫీసు బెంగళూరులో ఉంది. అక్కడికి వెళ్ళాలా?

వెళ్ళక్కర్లేదు. 2019 చట్టం తెచ్చిన పెద్ద మేలు ఇదే. సెక్షన్ 34 ప్రకారం మీరు ఉంటున్న చోట, లేదా పనిచేస్తున్న చోట కేసు వేయవచ్చు. బిల్లు కింద "వివాదాలన్నీ బెంగళూరు కోర్టుల పరిధిలోనే" అని సన్న అక్షరాల్లో ఉన్నా బెదరకండి, ఆ హక్కు మీకు చట్టం ఇచ్చింది. ఆర్బిట్రేషన్ షరతు (గొడవ కోర్టులో కాకుండా ప్రైవేటు మధ్యవర్తి దగ్గరే తేల్చుకోవాలన్నది) ఉన్నా వినియోగదారుల కమిషన్ తలుపు మూసుకుపోదని సుప్రీంకోర్టు 2018లో తేల్చింది.

మాది విజయనగరం. పండక్కి విశాఖ వచ్చి కొన్నాం. ఎక్కడ వేయాలి?

విజయనగరంలోనే వేయండి, మీకు దగ్గర. షాపు ఉన్న ఊరు కాబట్టి విశాఖలో కూడా వేయవచ్చు. వాయిదాలకు ఎక్కడికి తేలిగ్గా వెళ్ళగలరో అదే చూసుకోండి. శ్రీకాకుళం వాళ్ళకూ ఇదే వర్తిస్తుంది.

ఫీజు ఎంత కట్టాలి?

వస్తువుకు మీరు చెల్లించిన ధర 5 లక్షల లోపు అయితే ఫీజు లేదు. 5 నుంచి 10 లక్షల దాకా 200, 10 నుంచి 20 లక్షల దాకా 400, 20 నుంచి 50 లక్షల దాకా 1,000 రూపాయలు. 50 లక్షల పైన అయితే కేసు జిల్లా కమిషన్ పరిధి దాటిపోతుంది. లెక్క చూసేది వస్తువు ధరను బట్టే. మీరు అడిగే పరిహారాన్ని బట్టి కాదు.

లాయర్ లేకుండా వెళ్తే చులకనగా చూస్తారేమో?

నాకూ అదే టెన్షన్ ఉండేది. నల్లకోట్ల మధ్య ఫైలు పట్టుకుని నిలబడితే కాళ్ళు వణికాయి. కానీ కమిషన్ ఉన్నదే సామాన్యుడు వచ్చి చెప్పుకోవడానికి. బెంచ్ మీదున్నవాళ్ళు తెలుగులో, మెల్లగా అడిగారు, నేను తెలుగులోనే చెప్పాను. కాగితాలు వరసలో ఉంటే చాలు. లాయర్ కావాలనిపిస్తే పెట్టుకోండి. ఫీజు ఇచ్చుకోలేనివాళ్ళు జిల్లా న్యాయ సేవాధికార సంస్థను అడగండి. మహిళలకు, ఎస్సీ ఎస్టీలకు ఆదాయంతో పనిలేకుండా ఉచితంగా న్యాయసహాయం ఇస్తారు. ఆ నంబరు 15100.

ఆన్‌లైన్లో వేయొచ్చా? ఫైల్లో ఏముండాలి?

వేయొచ్చు. మొదట్లో ఈ-దాఖిల్ అని ఉండేది, 2025 జనవరి నుంచి ఈ-జాగృతి పోర్టల్ వచ్చింది. ఫోన్ నంబరుతో ఖాతా తెరిచి, జిల్లా ఎంచుకుని, కాగితాలు పీడీఎఫ్‌గా ఎక్కించాలి.

ఫైల్లో ముందు ఇండెక్స్, తర్వాత తేదీల పట్టిక, ఫిర్యాదు, నోటరీ చేయించిన అఫిడవిట్, ఆ తర్వాత వరస నంబర్లతో రుజువులు. తేదీల పట్టిక మీద ఒక పూట కూర్చోండి. కొన్న తేదీ, గడువు ముగిసిన తేదీ, మెయిళ్ళు, నోటీసు, జవాబు ఒక్కో లైనులో ఉంటే చదివేవాళ్ళకు కేసు రెండు నిమిషాల్లో అర్థమవుతుంది. తెలుగు కరపత్రం ఉంటే దానికి ఇంగ్లీషు అనువాదం జతచేయండి, అప్పీలు దాకా వెళ్తే పనికొస్తుంది. ఆన్‌లైన్లో వేసినా కాగితం సెట్లు కావాలా, ఎన్ని కావాలి అని కమిషన్ కార్యాలయంలో ఒకసారి అడిగి వెళ్ళండి. పేజీ నంబర్లు లేకపోతే వెనక్కిస్తారు.

పరిహారం ఎంత అడగాలి? ఐదు లక్షలు అడగమని ఒకరు చెప్పారు.

అలా అడగకండి. నాలుగు వేల మీద ఐదు లక్షలు అడిగితే మీ నిజాయితీ మీదే అనుమానం వస్తుంది. మేం అడిగినవి ఇవి: క్యాష్‌బ్యాక్ 4,000, గడువు తేదీ నుంచి దాని మీద వడ్డీ, మానసిక వేదనకు 5,000, ఖర్చులకు 3,000. వడ్డీ ఏడాదికి 6 నుంచి 9 శాతం మధ్య ఇచ్చిన తీర్పులు చాలా కనిపిస్తాయి. షాపుకు తిరిగిన ప్రతిసారీ పెట్టిన ఖర్చు రాసుకుని ఉంటే ఖర్చుల అంకెకు బలం వస్తుంది.

మా కాలనీలో ఇరవై మందికి ఇదే ఆఫర్లో డబ్బు రాలేదు. కలిసి వేయొచ్చా?

వేయొచ్చు. ఒకే రకం ఫిర్యాదు ఉన్న చాలామంది తరఫున ఒకరో ఇద్దరో సెక్షన్ 35(1)(సి) కింద కమిషన్ అనుమతి తీసుకుని వేయవచ్చు. కాకపోతే ఇరవై మంది కాగితాలూ ఒకేలా పక్కాగా ఉండాలి. ఒకరు రిజిస్టర్ చేసి, ఇంకొకరు చేయకుండా ఉంటే ఎవరికివారు వేసుకోవడమే మేలు.

## కేసు నడుస్తున్నప్పుడు

ఎన్నాళ్ళు పడుతుంది? నిజం చెప్పండి.

చట్టంలో ఉన్నది: ఫిర్యాదు స్వీకరించాలా వద్దా అన్నది మామూలుగా 21 రోజుల్లో తేల్చాలి. స్వీకరించాక 21 రోజుల్లో అవతలివాళ్ళకు నోటీసు వెళ్ళాలి. జవాబుకు వాళ్ళకు 30 రోజులు, అడిగితే ఇంకో 15. నోటీసు అందిన మూడు నెలల్లో కేసు ముగించే ప్రయత్నం చేయాలి. నిజానికి వాయిదాల మీద వాయిదాలు పడి ఏడాది దాటడం మామూలే, ఆ సంగతికి సిద్ధపడే మొదలుపెట్టండి. అయితే క్యాష్‌బ్యాక్ కేసులు చాలావరకు అంతదూరం పోవు. కమిషన్ నోటీసు హెడ్డాఫీసు లీగల్ సెక్షన్‌కు చేరితే, నాలుగు వేల కోసం విశాఖలో లాయర్‌ను పెట్టడం కంటే ఇచ్చేయడమే చవక అని వాళ్ళకు అర్థమవుతుంది.

స్టీల్ ప్లాంటులో షిఫ్టు డ్యూటీ. ప్రతి వాయిదాకూ సెలవు దొరకదు. ఎలా?

వీడియో కాన్ఫరెన్స్ ద్వారా హాజరవుతానని దరఖాస్తు పెట్టుకోవచ్చు, సెక్షన్ 38(6)లో ఆ అవకాశం ఉంది. లేదా ఇంట్లో ఒకరికి ఆథరైజేషన్ లెటర్ రాసిచ్చి పంపండి. ఏదీ చేయకుండా వాయిదాకు గైర్హాజరైతే కేసు కొట్టేసే ప్రమాదం ఉంది. వాయిదా తేదీ క్యాలెండర్ మీద ఎర్ర పెన్నుతో రాసుకోండి.

వాళ్ళు "టర్మ్స్ అండ్ కండిషన్స్" చూపించి తప్పించుకుంటున్నారు. ఏం చెప్పాలి?

ఏ కేసయినా ఎక్కువగా తిరిగేది ఈ షరతుల చుట్టూనే. వాళ్ళు చెప్పే మాటలు నాలుగైదే ఉంటాయి.

"15 రోజుల్లో లింకులో రిజిస్టర్ చేయలేదు" అంటారు. ఆ గడువు గురించి కొన్నప్పుడు మీకు చెప్పారా, బిల్లు మీద ఉందా అని అడగండి. చెప్పి ఉండి మీరు చేయకపోతే మాత్రం కేసు బలహీనమే, ఆ సంగతి ముందే ఒప్పుకోవాలి. రిజిస్టర్ చేయబోతే సైటు తెరుచుకోకపోతే ఆ ఎర్రర్ ఫోటో చాలా విలువైనది.

"సీరియల్ నంబరు ముందే వాడేశారు" అంటారు. డబ్బా మీదున్న నంబరు, బిల్లు మీదున్న నంబరు ఒకటేనని చూపించండి. మీ చేతికి రాకముందే ఆ నంబరును ఎవరు వాడారో జవాబు చెప్పాల్సింది వాళ్ళు.

"మొదటి వెయ్యి మందికే" అంటారు. ఆ సంగతి ప్రకటనలో ఎంత సైజులో ఉందో చూడండి. 2022 జూన్‌లో కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ తెచ్చిన మార్గదర్శకాల ప్రకారం, ప్రకటనలో షరతులు ప్రధాన వాగ్దానం ఏ భాషలో ఉంటే ఆ భాషలోనే, అదే అక్షరాలతో ఉండాలి. అసలు సంగతిని దాచిపెట్టేలా ఉండకూడదు. "5,000 వరకు క్యాష్‌బ్యాక్" అని తెలుగులో అరచేతంత అక్షరాలు, కింద చీమతలకాయంత ఇంగ్లీషులో షరతులు ఉన్న కరపత్రాలు జగదాంబ జంక్షన్‌లో ఎన్నో చేతికందుతాయి. అలాంటిదే మీదీ అయితే ఆ కరపత్రం అసలు కాపీనే దాఖలు చేయండి, జిరాక్సులో ఆ అక్షరాలు ఎంత చిన్నవో తెలియదు. "వరకు" అన్న మాటను మాత్రం జాగ్రత్తగా చదువుకోండి, మీ మోడల్‌కు ఎంత రాయితీ ఉందో అంతే అడగాలి.

అవతలివాళ్ళు జవాబే దాఖలు చేయలేదు. నేను గెలిచినట్టేనా?

సగం గెలిచినట్టు. 45 రోజులు దాటాక వాళ్ళ జవాబు తీసుకునే అధికారం కమిషన్‌కు లేదని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2020 మార్చిలో చెప్పింది. అప్పుడు మీ కాగితాల మీదే తీర్పు వస్తుంది. కాబట్టి అవి మీ మాటను నిరూపించేలా ఉండాలి.

మధ్యలో రాజీకి పిలిచారు. కేసు వెనక్కి తీసుకోవచ్చా?

డబ్బు ఖాతాలో పడ్డాకే. "కేసు ముందు విత్‌డ్రా చేసుకోండి మేడమ్, సాయంత్రానికి వేసేస్తాం" అంటే ఒప్పుకోకండి. రాజీ షరతులు కాగితం మీద పెట్టి, ఇద్దరూ సంతకం చేసి కమిషన్ ముందు దాఖలు చేయాలి. కమిషన్ స్వయంగా మధ్యవర్తిత్వానికి పంపినా భయపడకండి, కుదరకపోతే కేసు మళ్ళీ మామూలుగా నడుస్తుంది. మాది ఇలాగే ముగిసింది. రెండో వాయిదా తర్వాత షాపు లాయరు వచ్చి, నాలుగు వేలూ ఖర్చులకు రెండు వేలూ కలిపి ఇస్తామన్నాడు. బ్యాంకు మెసేజ్ వచ్చాక, మూడో వాయిదా రోజు రాజీ మెమో మీద సంతకం పెట్టాను.

## తీర్పు వచ్చాక

గెలిచాను, కానీ డబ్బు ఇవ్వడం లేదు. ఇప్పుడేంటి?

తీర్పు కాపీ ఉచితంగా ఇస్తారు, తీసుకోండి. అందులో ఇచ్చిన గడువు దాటితే అదే కమిషన్‌లో అమలు పిటిషన్ వేయండి. సెక్షన్ 71 కింద సివిల్ కోర్టు డిక్రీలాగే జప్తుతో సహా అమలు చేయించవచ్చు. సెక్షన్ 72 కింద ఆదేశాన్ని లెక్కచేయనివాళ్ళకు నెల నుంచి మూడేళ్ళ దాకా జైలు, లేదా 25,000కు తగ్గకుండా లక్ష దాకా జరిమానా, లేదా రెండూ పడవచ్చు. ఈ పిటిషన్ నోటీసు అందిన తర్వాత కూడా డబ్బు కట్టకుండా ఉండే షాపులు తక్కువ.

వాళ్ళు అప్పీలుకు వెళ్తామని బెదిరిస్తున్నారు.

వెళ్ళనివ్వండి. తీర్పు తేదీ నుంచి 45 రోజుల్లో విజయవాడలోని రాష్ట్ర కమిషన్‌కు వెళ్ళాలి, అదీ తీర్పులో ఉన్న మొత్తంలో సగం ముందు కట్టాకే.

ఓడిపోతే?

మీకూ అదే 45 రోజుల గడువు, అదే రాష్ట్ర కమిషన్. తీర్పును రెండుసార్లు నిదానంగా చదవండి. కాగితం చాలక పోయిందా, షరతు నెరవేరక పోయిందా అన్నది అందులో రాసి ఉంటుంది. షరతు నెరవేరలేదంటే అక్కడితో ఆపండి. దాఖలు చేసిన కాగితాన్ని కమిషన్ చూడలేదనిపిస్తే మాత్రం అప్పీలు ఆలోచించవచ్చు.

నా డబ్బు వచ్చింది, కానీ ఆ షాపు బయట అదే బోర్డు ఇంకా ఉంది. దానికేం చేయొచ్చు?

బోర్డు ఫోటో తీసి, మీ తీర్పు గానీ రాజీ మెమో గానీ జతచేసి కలెక్టర్‌కు ఇవ్వండి. అనుచిత వ్యాపార పద్ధతుల మీద, తప్పుదోవ పట్టించే ప్రకటనల మీద ఫిర్యాదులు తీసుకునే అధికారులలో జిల్లా కలెక్టర్ ఒకరని చట్టం సెక్షన్ 17లో ఉంది. సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో ఇస్తే రసీదు కూడా ఇస్తారు. అదే కాగితాన్ని కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థకూ పంపండి. తప్పుదోవ పట్టించే ప్రకటనకు మొదటిసారి 10 లక్షల దాకా జరిమానా వేసే అధికారం దానికుంది. నేను మా షాపు బోర్డు ఫోటో ఇచ్చి వచ్చిన తర్వాతి వారం అటువైపు వెళ్తే, బోర్డు మీద "క్యాష్‌బ్యాక్" పక్కన "90 రోజుల్లో, రిజిస్ట్రేషన్ తప్పనిసరి" అని తెలుగులో కొత్త స్టిక్కర్ అంటించి ఉంది.